సంపు నీళ్లలో పచ్చకామెర్ల వైరస్ ఉందో లేదో గంటలో చెప్పే కిట్ ఉందా?

తిరుపతిలో మీరు నడిపే పీజీ హాస్టల్లో ఇద్దరు కుర్రాళ్లకు పచ్చకామెర్లు వచ్చాయని, సంపు నీళ్లు వెంటనే పరీక్షించే కిట్ కావాలని అడిగారు. నేను ఇక్కడే ఒక ప్రైవేటు ల్యాబ్‌లో నీటి పరీక్షలు చేసేవాణ్ణి. తాగేసిన కూల్‌డ్రింక్ బాటిల్లో నీళ్లు పట్టుకొచ్చి "వైరస్ ఉందేమో చూడండి సార్" అనేవాళ్లు చాలామందే వచ్చేవారు. అర లీటరు నీళ్లతో ఆ సంగతి తేలదు.

కోవిడ్ కిట్ లాంటి స్ట్రిప్పులు వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కి, రోటావైరస్‌కి ఉన్న మాట నిజమే. కానీ అవి మలం పరీక్షకు. రోగి మలంలో గ్రాముకు కోట్లకొద్దీ వైరస్ ఉంటుంది, స్ట్రిప్ పట్టేస్తుంది. నీళ్లలో చాలా కొద్దిగా ఉన్నా జబ్బు చేస్తుంది గానీ, అంత తక్కువ స్ట్రిప్‌కి అందదు. అందుకే ముందు లీటర్లకొద్దీ నీళ్లు వడగట్టి, ఫిల్టర్‌కి అంటుకున్న వైరస్‌ను కడిగి, కొన్ని చుక్కల్లోకి తెచ్చి, అందులోంచి ఆర్‌ఎన్‌ఏ, అంటే వైరస్ జన్యుపదార్థం తీసి, ఆ తర్వాత దాన్ని ఎన్నో రెట్లు పెంచి పట్టుకునే ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష చేస్తారు. ల్యాంప్ అనే పద్ధతికి పీసీఆర్ మెషీన్ కూడా అక్కర్లేదు, 60-65 డిగ్రీల వేడి నిలకడగా ఉంటే గంటలోపే తేలుతుంది. పేపర్లలో రాసే "గంటలో ఫలితం" ఈ చివరి మెట్టు గురించే. అసలు టైమంతా వడకట్టే దగ్గరే పోతుంది. పైగా క్లోరిన్‌కి చచ్చిన వైరస్‌ను కూడా పీసీఆర్ "ఉంది" అనే చూపించవచ్చు.

ఇంకో చిక్కుంది. నీళ్ల ద్వారా కామెర్లు తెచ్చే వైరస్‌లు హెపటైటిస్ ఎ, ఇ. అవి సోకాక కామెర్లు బయటపడడానికి రెండు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆ కుర్రాళ్లు తాగిన నీళ్లు మీ సంపులో ఇప్పుడు లేవు.

నీళ్లు పోసి ఉంచితే, మురుగు బ్యాక్టీరియా ఉన్నప్పుడు నల్లగా మారే హెచ్‌టూఎస్ సీసా చవకే. నల్లబడితే మురుగు కలుస్తోందని అనుమానించాల్సిందే. నల్లబడకపోతే మాత్రం ధీమా పడొద్దు, అది చూపేది బ్యాక్టీరియానే. 1955-56లో ఢిల్లీలో యమున నీళ్లలో మురుగు కలిసి దాదాపు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి, టైఫాయిడ్ మాత్రం పెరగలేదు. క్లోరిన్ బ్యాక్టీరియాను ఆపింది, వైరస్ దాటిపోయింది. అది హెపటైటిస్ ఇ అని చాలా ఏళ్ల తర్వాత తేలింది.

మీ డబ్బు ముందు ఆ ఇద్దరి రక్తపరీక్షకు పెట్టండి: హెపటైటిస్ ఎ, ఇ ఐజీఎం (ఈమధ్యే సోకిందా అని చెప్పే యాంటీబాడీ పరీక్ష). మీకు త్వరగా జవాబిచ్చే వైరస్ పరీక్ష ఇదొక్కటే. తర్వాత క్లోరిన్ చూసే కిట్ కొనండి. నీళ్లలో మిగిలిన క్లోరిన్ మామూలుగా లీటరుకు 0.2 మిల్లీగ్రాములు చాలు, వైరస్ భయం ఉన్నప్పుడు కనీసం 0.5 ఉండాలని మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. సంపు దగ్గర కాదు, పై అంతస్తు చివరి కుళాయిలో చూడండి. సంపు పక్కన డ్రైనేజీ పైపు ఉంటే ప్లంబర్‌ని పిలిపించండి, వార్డు సచివాలయంలోనూ చెప్పండి. అప్పటిదాకా కాచిన నీళ్లే. వంటమనుషుల్లో గర్భిణి ఎవరైనా ఉంటే ఈరోజే డాక్టరుకు చూపించండి, హెపటైటిస్ ఇ వాళ్లకు ప్రాణాంతకం కావచ్చు.