టెక్ సందేహాలు: స్టార్ట్ బటన్ సంగతి సరే, ఫైలు పేరు చివర ఏముంది?

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. దాంతో విండోస్ 11కి మారినవాళ్ల దగ్గర్నుంచి ఒకే రకం ఉత్తరాలు వస్తున్నాయి: అలవాటైనదేదీ ఉన్నచోట లేదు, పాత రూపం ఎలా తెచ్చుకోవాలి? వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులు.

ఆఫీసులో విండోస్ 11 వేశారు. స్టార్ట్ బటన్ మధ్యలోకి వచ్చేసింది. ఒకే ప్రోగ్రామ్‌లో తెరిచిన ఫైళ్లన్నీ ఒకే బొమ్మ కింద దాక్కుంటున్నాయి. రైట్ క్లిక్ చేస్తే సగం ఆప్షన్లు కనిపించడం లేదు. పాత రూపం తెచ్చే టూల్ ఒకటి వీడియోలో చూశాను. వేసుకోవచ్చా? (తెనాలి)

వద్దు. మీరు అడిగిన మూడింటికీ విండోస్‌లోనే దారి ఉంది.

టాస్క్‌బార్‌లో ఖాళీగా ఉన్నచోట రైట్ క్లిక్ చేసి టాస్క్‌బార్ సెట్టింగ్స్ తెరవండి. అట్టడుగున టాస్క్‌బార్ బిహేవియర్స్ ఉంటుంది. అందులో టాస్క్‌బార్ అలైన్‌మెంట్‌ని లెఫ్ట్ చేస్తే స్టార్ట్ ఎడమ మూలకు వెళ్లిపోతుంది. అక్కడే 'కంబైన్ టాస్క్‌బార్ బటన్స్ అండ్ హైడ్ లేబుల్స్' దగ్గర నెవర్ ఎంచుకుంటే ఒక్కో ఫైలుకు ఒక్కో బటన్, పేరుతో సహా వస్తుంది. ఈ నెవర్ అన్న ఆప్షన్ విండోస్ 95 కాలం నాటి పద్ధతికి కొనసాగింపు. 2021 అక్టోబర్‌లో విండోస్ 11 విడుదలైనప్పుడు దాన్ని తీసేశారు. జనం అడగ్గా అడగ్గా 2023లో తిరిగిచ్చారు. మీకు కనిపించకపోతే మీ కంప్యూటర్‌లో ఉన్నది పాత వెర్షన్, ముందు అప్‌డేట్ చేయండి. ఫైలును లాక్కొచ్చి టాస్క్‌బార్ మీదున్న ప్రోగ్రామ్‌పై వదిలే వీలునూ ఇలాగే తీసేసి, 2022లో మళ్లీ పెట్టారు.

రైట్ క్లిక్ మెనూ మార్చడానికి మాత్రం ఒక కారణం ఉంది. పాత పద్ధతిలో మీరు వేసుకున్న ప్రతి సాఫ్ట్‌వేరూ ఆ మెనూలో తన వరుసలు తానే చొప్పించేది. మెనూ బారెడయ్యేది, తెరుచుకోవడానికి రెండు మూడు క్షణాలు పట్టేది. చొప్పించిన కోడ్‌లో తప్పుంటే ఫైల్ ఎక్స్‌ప్లోరరే కూలిపోయేది. కొత్త మెనూలోకి రావాలంటే సాఫ్ట్‌వేర్ కొత్త పద్ధతిలో నమోదు చేసుకోవాలి. అలా చేసుకోని పాత సాఫ్ట్‌వేర్ల వరుసలన్నీ 'షో మోర్ ఆప్షన్స్' వెనక్కి పోయాయి. షిఫ్ట్ నొక్కిపట్టి రైట్ క్లిక్ చేయండి, పాత మెనూ నేరుగా తెరుచుకుంటుంది. ఫైలును ఎంచుకుని షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కినా అంతే.

కారణం మంచిదే అయినా చేసిన తీరు బాగాలేదు. కట్, కాపీ, రీనేమ్, డిలీట్ అన్న మాటలు తీసేసి, వాటి స్థానంలో పేర్లు లేని చిన్న బొమ్మలు పెట్టారు. అవి కూడా మెనూ కిందివైపు తెరుచుకుంటే పైన, పైవైపు తెరుచుకుంటే అడుగున కనిపిస్తాయి. రోజుకు వందసార్లు వాడేదాన్ని ఇలా కదపడం వంటింట్లో పోపులపెట్టె చోటు మార్చడం లాంటిది: చెయ్యి పాతచోటికే పోతుంది, పొయ్యి మీద నూనె మాడుతుంది. తర్వాత 2024 వెర్షన్‌లో బొమ్మల కింద పేర్లు చేర్చారు. మొదటిరోజే చేయాల్సిన పని అది.

ఇక ఆ టూల్ గురించి. పాత రూపం తెచ్చే టూళ్లు చాలావరకు టాస్క్‌బార్‌నీ స్టార్ట్ మెనూనీ నడిపే ఎక్స్‌ప్లోరర్ ప్రోగ్రామ్ లోపలికి దూరి దాన్ని మారుస్తాయి. విండోస్‌కి పెద్ద అప్‌డేట్ వచ్చి లోపలి అమరిక మారితే, లాగిన్ అవగానే టాస్క్‌బార్ లేని ఖాళీ తెర మిగలవచ్చు. అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, 'రన్ న్యూ టాస్క్'లో కంట్రోల్ అని టైప్ చేసి చూడండి. కంట్రోల్ ప్యానెల్ తెరుచుకుంటే అక్కడ ఆ టూల్‌ను తీసేయాలి. అన్నిటికంటే చెడ్డవి, వీడియో కింద లింక్ ఇచ్చి 'యాంటీవైరస్ ఆపేసి రన్ చేయండి' అని చెప్పేవి. స్టార్ట్ బటన్‌ను నాలుగు అంగుళాలు జరపడం కోసం ముక్కూ మొహం తెలియనివాళ్లకు కంప్యూటర్ తాళాలు అప్పగించకండి.

జీఎస్టీ బిల్లు అని మెయిల్‌లో జిప్ ఫైలు వచ్చింది. లోపల పీడీఎఫ్ గుర్తున్న ఫైలు కనిపించింది. నొక్కితే ఏమీ తెరుచుకోలేదు. పాత కంప్యూటర్‌లో ఇలాంటివి పేరు చూసి పట్టుకునేదాన్ని, విండోస్ 11లో తేడా తెలియడం లేదు. (కరీంనగర్, అకౌంటెంట్)

ముందు చేయాల్సింది చెబుతాను. ఆ కంప్యూటర్‌కు నెట్ తీసేయండి. అందులో బ్యాంకు, మెయిల్, జీఎస్టీ పోర్టల్ ఏదీ తెరవకండి. ఫోన్ నుంచో వేరే కంప్యూటర్ నుంచో వాటి పాస్‌వర్డ్‌లు మార్చండి. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన సరిపోదు, మెయిల్ సెక్యూరిటీ పేజీలో 'అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్' కూడా చేయాలి. ఇలాంటి ప్రోగ్రామ్‌లు బ్రౌజర్‌లో దాచిన లాగిన్ కుకీలను, అంటే మీరు లాగిన్ అయి ఉన్నారని సైట్‌కు చెప్పే గుర్తులను కూడా ఎత్తుకుపోతాయి. ఆ కుకీ ఉంటే పాస్‌వర్డ్, ఓటీపీ లేకుండానే లోపలికి రావచ్చు. తర్వాత విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, స్కాన్ ఆప్షన్స్‌కు వెళ్లి ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. క్లయింట్ల లెక్కలున్న కంప్యూటర్ అయితే స్కాన్‌తో సరిపెట్టకుండా, డేటా మాత్రం కాపీ తీసుకుని విండోస్ మళ్లీ కొత్తగా వేయించడం మేలు. ఖాతాలోంచి డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇప్పుడు అసలు విషయం. మీ పాత కంప్యూటర్‌లో ఎవరో ఫైలు ఎక్స్‌టెన్షన్లు (పేరు చివర చుక్క తర్వాత ఫైలు రకం చెప్పే అక్షరాలు) కనిపించేలా టిక్ పెట్టి ఉంటారు. కొత్త కంప్యూటర్‌లో ఆ టిక్ ఉండదు. విండోస్ 95 నుంచి నేటి విండోస్ 11 దాకా, ఫైలు పేరు చివరి భాగాన్ని దాచిపెట్టడమే ఫ్యాక్టరీ అమరిక. మీకొచ్చిన ఫైలు పేరు 'బిల్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ' అయి ఉంటుంది. ఈఎక్స్‌ఈ అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రామ్. విండోస్‌కి తెలిసిన ఎక్స్‌టెన్షన్ కాబట్టి చివరి ఈఎక్స్‌ఈని దాచేసి 'బిల్ డాట్ పీడీఎఫ్' మాత్రం చూపించింది. మరి పీడీఎఫ్ గుర్తు ఎక్కడిదంటారా? ఈఎక్స్‌ఈ ఫైలుకు ఏ బొమ్మ ఉండాలో దాన్ని తయారుచేసినవాడే నిర్ణయించుకోవచ్చు. పేరూ బొమ్మా రెండూ అబద్ధమాడుతుంటే మీరు మోసపోవడంలో వింతేముంది? ఇందులో మీ అజాగ్రత్త కంటే ఈ అమరికను ఇలా వదిలేసినవాళ్ల నిర్లక్ష్యమే ఎక్కువ.

ఇది కొత్త ఎత్తు కాదు. 2000 మే నెలలో ప్రపంచమంతా మెయిళ్లను ముంచెత్తిన 'ఐ లవ్ యూ' వైరస్ ఫైలు పేరులో టీఎక్స్‌టీ అని ఉండి, దాని వెనక వీబీఎస్ (నొక్కగానే నడిచే స్క్రిప్ట్) దాగి ఉంది. ప్రేమలేఖ అనుకుని తెరిచారు. ఆ తర్వాత ఎక్స్‌పీ, విస్టా, 7, 8, 10, 11 వచ్చాయి. స్టార్ట్ బటన్‌ను విండోస్ 8లో తీసేశారు, 8.1లో తెచ్చారు, 11లో మధ్యకు జరిపారు. మూలలు గుండ్రం చేశారు, రంగులు మార్చారు. ఇన్నిసార్లు పైపూత వేసినవాళ్లు ఈ ఒక్క టిక్‌ను మొదటి నుంచీ పెట్టి ఇవ్వలేకపోయారు. పాత రూపమా, కొత్త రూపమా అని వాదించుకునేవాళ్లు కూడా దీన్ని అడగడం లేదు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

టిక్ పెట్టడం ఇలా. విండోస్ 11లో ఏదైనా ఫోల్డర్ తెరిచి పైన వ్యూ, అందులో షో, అందులో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' నొక్కండి. విండోస్ 10లో ఫోల్డర్ పైన వ్యూ ట్యాబ్‌లోనే ఆ టిక్ కనిపిస్తుంది. అంటే పాతదాంట్లో ఒక మెట్టు దిగితే దొరికేది, కొత్తదాంట్లో రెండు మెట్లు దిగాలి. ఒకే కంప్యూటర్‌లో ఇద్దరు ముగ్గురు యూజర్లుంటే ఎవరి లాగిన్‌లో వాళ్లు విడిగా పెట్టుకోవాలి. పేరు మార్చేటప్పుడు ఎక్స్‌టెన్షన్ చెడిపోతుందేమో అన్న భయం అక్కర్లేదు. ఎఫ్2 నొక్కితే చుక్కకు ముందున్న పేరు మాత్రమే సెలెక్ట్ అవుతుంది. పొరపాటున ఎక్స్‌టెన్షన్ చెరిపేసినా, ఫైలు పనికిరాకుండా పోవచ్చని విండోస్ అడుగుతుంది.

ఈ టిక్ ఒక్కటే చాలదు. రెండు మోసాలు దీన్నీ దాటిపోతాయి. ఒకటి షార్ట్‌కట్, అంటే నొక్కితే వేరే ప్రోగ్రామ్‌ను నడిపించగల ఫైలు. దాని ఎక్స్‌టెన్షన్ ఎల్‌ఎన్‌కే. మీరు టిక్ పెట్టినా విండోస్ దాన్ని చూపించదు. రెండోది, అక్షరాలను కుడి నుంచి ఎడమకు తిప్పే కనిపించని గుర్తు. అరబిక్, ఉర్దూ రాతకు అవసరమైన గుర్తుల కుటుంబంలోది అది. దాన్ని పేరు మధ్యలో పెట్టి ఆ తర్వాత 'ఎఫ్‌డీపీ డాట్ ఈఎక్స్‌ఈ' అని రాస్తే, తెర మీద 'ఈఎక్స్‌ఈ డాట్ పీడీఎఫ్' అని తిరగబడి కనిపిస్తుంది. కంటికి చివర పీడీఎఫ్, కంప్యూటర్‌కు చివర ఈఎక్స్‌ఈ.

అందుకని జిప్ లోంచి వచ్చిన ఫైళ్లను పెద్ద బొమ్మల వరుసలో చూడకండి. వ్యూలో డీటెయిల్స్ ఎంచుకుని టైప్ అన్న నిలువు వరుస చూడండి. బిల్లు అయితే అక్కడ పీడీఎఫ్ అన్న మాట గానీ, అడోబ్ రీడర్ వాడేవాళ్లకు 'అడోబ్ ఆక్రోబాట్ డాక్యుమెంట్' అని గానీ ఉండాలి. అప్లికేషన్, షార్ట్‌కట్, స్క్రీన్ సేవర్, స్క్రిప్ట్, బ్యాచ్ ఫైల్ అన్న మాటల్లో ఏది కనిపించినా నొక్కకుండా తీసేయండి. బిల్లు పంపడానికి ప్రోగ్రామ్ ఎవరూ పంపరు. జిరాక్స్ సెంటర్లు, మీసేవ కేంద్రాలు, డీటీపీ షాపులు నడిపేవాళ్లు ఈ పని ఇవాళే చేయాలి. రోజంతా ఎవరెవరి పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు తెరిచేది మీరే.

విండోస్ 10 రూపమే నాకు నచ్చింది. దానితోనే ఉండిపోవచ్చా? (విజయనగరం)

రూపం కోసం అయితే వద్దు. అప్‌డేట్లు లేని సిస్టమ్‌లో నెట్ బ్యాంకింగ్ చేయకూడదు. కొంత గడువు కావాలంటే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకం ఉంది, వ్యక్తిగత కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు. విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో నమోదు లింక్ కనిపిస్తుంది. 11కి మారాలంటే టీపీఎం అనే సెక్యూరిటీ సదుపాయం కావాలి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి 'టీపీఎం డాట్ ఎంఎస్‌సీ' అని కొట్టి వెర్షన్ 2.0 ఉందో లేదో చూడండి. లేదని వచ్చినా వెంటనే కొత్త కంప్యూటర్ కొనకండి. ఆ సదుపాయం ఉండి కూడా బయోస్‌లో (విండోస్ లేవకముందు వచ్చే సెట్టింగుల తెరలో) పీటీటీ లేదా ఎఫ్‌టీపీఎం అన్న పేరుతో ఆపేసి ఉండవచ్చు.

నెట్‌వర్క్ ఐపీ మార్చమని సర్వీసువాళ్లు ఫోన్‌లో చెప్పే స్టెప్పులు నా కంప్యూటర్‌లో కుదరడం లేదు. (ఖమ్మం)

విండోస్ కీ, ఆర్ నొక్కి 'ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్' కొట్టండి. నెట్‌వర్క్ అడాప్టర్ల పాత పేజీ 10లోనూ 11లోనూ ఒకేలా తెరుచుకుంటుంది. సౌండ్ అయితే 'ఎంఎంఎస్‌వైఎస్ డాట్ సీపీఎల్'.

కంట్రోల్ ప్యానెల్ ఉండగా 2012లో విండోస్ 8తో సెట్టింగ్స్ అని రెండోది మొదలుపెట్టారు. ఇన్నేళ్లయినా పాతదాన్ని పూర్తిగా ఎత్తేయలేదు, కొత్తదాన్ని పూర్తి చేయలేదు. ఒక్కో అప్‌డేట్‌లో ఒక్కో పేజీ అక్కడి నుంచి ఇక్కడికి మారుతుంటే, ఫోన్‌లో సాయం చేసేవాళ్లకూ వినేవాళ్లకూ ఎదురుగా ఉన్న తెరలు కలవవు. దీనికి మూల్యం చెల్లించేది పెద్దవయసువాళ్లు. కాగితం మీద రాసుకున్న వరుస ఒక్క అప్‌డేట్‌తో పనికిరాకుండా పోతే, 'రిమోట్‌లో నేను చేసిపెడతాను, కోడ్ చెప్పండి' అనే మోసగాడి ఫోన్ వాళ్లకు సాయంలా వినిపిస్తుంది. మెనూలను కదిపేవాళ్లు దీన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

గౌతమి ఫాంట్‌లో చేసిన పాత తెలుగు ఫైళ్లు కొత్త కంప్యూటర్‌లో పేజీలు మారిపోయి వస్తున్నాయి. (రాజమహేంద్రవరం)

గౌతమి ఎక్స్‌పీతో వచ్చింది, వాణి విండోస్ 7తో, నిర్మల విండోస్ 8తో. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి ఐచ్ఛికం. అవి లేకపోతే నిర్మలను వాడుకుంటుంది, అక్షరాల వెడల్పు వేరు కాబట్టి పంక్తులు, పేజీలు జరుగుతాయి. సెట్టింగ్స్ వెతుకుడు పెట్టెలో ఆప్షనల్ ఫీచర్స్ అని కొట్టి, యాడ్‌లో 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' ఎంచుకోండి. రెండూ వచ్చేస్తాయి. వర్డ్ మూసి మళ్లీ తెరవండి. ఫాంట్ల కోసం తెలియని సైట్ల జిప్‌లు దించుకోకండి.