గంధం రంగా, పిస్తానా?

అమ్మలూ,

నువ్వు ఎంచిన గంధం రంగూ, పిస్తా రంగూ షేడ్ కార్డు మీద బాగానే ఉన్నాయి. కానీ ఆ రెండంగుళాల ముక్క చూసి గదికి ఖాయం చెయ్యకు. నాలుగు గోడలకీ పడ్డాక ఒక గోడ వెలుతురు ఇంకో గోడ మీద పడి, ఏ రంగైనా చిక్కబడుతుంది.

రెండిటికీ చిన్న శాంపిల్ డబ్బాలు తెచ్చుకో. నువ్వు వేయించబోయే రకంలోనే అడుగు, మ్యాట్‌లో చూసిన రంగు మెరుపు రకంలో వేరుగా ఉంటుంది. గోడ మీద పులమొద్దు. పాత నీలం పక్కన ఏ రంగూ తన అసలు రూపు చూపదు. రెండు తెల్ల చార్టులు తీసుకుని, అంచుల్లో రెండంగుళాలు వదిలి, రెండేసి కోట్లు వెయ్యి. మధ్యలో నాలుగు గంటలు ఆగు, ముసురు పట్టిన రోజైతే ఇంకాస్త. తడి మీద తేల్చకు. ఎమల్షన్, అంటే నీళ్లు కలిపి వేసే గోడ రంగు, ఆరాక ఒక పిసరు ముదురుతుంది.

ఆరిన చార్టులు మొదట కిటికీ ఎదుటి గోడకి, తర్వాత కిటికీ ఉన్న గోడకే అంటించి చూడు. ఆ రెండోదే గదిలో అన్నిటికన్నా చీకటి గోడ. పొద్దున్న, మధ్యాహ్నం, లైటు వేశాక చూడాలి. పక్కపక్కన పెడితే తేడా పెద్దదిగా కనిపిస్తుంది, అందుకని ఒక్కోటీ విడిగా కూడా చూడు.

నీ గది కిటికీ ఉత్తరానికి, బయటంతా కొబ్బరితోట. లోపలికొచ్చే వెలుతురే ఆకుపచ్చగా ఉంటుంది. దానికి పిస్తా తోడైతే మబ్బు రోజున గోడ పాచి పట్టినట్టుంటుంది. గంధం ఆ పచ్చదనాన్ని కాస్త విరుస్తుంది. అయితే ఎర్ర గచ్చు వల్ల గోడ కింది భాగం నారింజ ఛాయకి తిరుగుతుంది. కార్డులో ఒక మెట్టు లేతది తీసుకో. బల్బు పెట్టె మీద 6500 కె (కెల్విన్, అంటే నీలి ఛాయ తెల్ల వెలుతురు) అని ఉంటే రాత్రి గంధం పాలిపోతుంది, 3000 లేదా 4000 పెట్టించు. నా ఓటు గంధానికే.

పన్నెండు బై పది గది, పదడుగుల ఎత్తు: తలుపులూ కిటికీలూ పోను సుమారు 385 చదరపు అడుగులు. నున్నటి గోడకి లీటరుతో రెండు కోట్లు 60 చదరపు అడుగుల దాకా వస్తాయి, ఏడు లీటర్లు కొను. ఒకేసారి కలిపించు, డబ్బాలన్నీ పెద్ద బక్కెట్లో పోసి కలియబెట్టమను. విడివిడిగా వాడితే గోడ మధ్యలో ఛాయ మారొచ్చు.

కాలవ వైపు గోడ సంగతి మాత్రం ముందే చూసుకో. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితం నాలుగు పక్కలా టేపుతో అంటించి ఒక రోజు ఉంచు. గోడ వైపు చెమ్మ పట్టిందంటే రంగు ఆపు. ఉప్పు పొంగి లప్పం పెచ్చులూడితే గంధమైనా పిస్తా అయినా ఒకటే. మేస్త్రీని పిలిచి ముందు ఆ చెమ్మ ఎక్కణ్ణుంచొస్తోందో పట్టించు.