హ్యున్ బిన్ గురించి మీరడిగినవన్నీ

పోయిన సంచికలో 'క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ' అనే కొరియన్ సీరియల్ గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో, వచ్చిన ఉత్తరాల్లో మెయిల్స్ లో దాదాపు అందరూ అడిగింది ఒక్క మనిషి గురించే, అందుకని ఈసారి శీర్షిక మొత్తం అందులో హీరో హ్యున్ బిన్ కే ఇచ్చేస్తున్నాను. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాను, మీ ప్రశ్న మీ మాటల్లోనే కనిపించకపోతే ఏమీ అనుకోకండి.

ప్ర: హ్యున్ బిన్ అన్నది అసలు పేరేనా? ఇండస్ట్రీలోకి ఎలా వచ్చాడు మేడమ్?

జ: కాదండీ, అసలు పేరు కిమ్ తే-ప్యోంగ్. 1982 సెప్టెంబర్ 25న సియోల్ లో పుట్టాడు, అక్కడి చుంగ్-ఆంగ్ యూనివర్సిటీలో థియేటర్ చదువుకున్నాడు. 2003లో టీవీలో చిన్న వేషంతో మొదలై, 'నాన్‌స్టాప్ 4' అనే సిట్‌కామ్, 2004లో 'ఐర్లాండ్' అనే సీరియల్ చేశాడు. జనానికి అసలు తెలిసింది మాత్రం 2005లో, ఎంబీసీ అనే టీవీ ఛానెల్లో వచ్చిన 'మై లవ్లీ సామ్ సూన్' తోనే. అందులో హీరోయిన్ కిమ్ సన్-ఆ, కేకులు చేసే అమ్మాయి, ముప్ఫై ఏళ్ళొచ్చినా పెళ్ళి కాలేదని, లావుగా ఉన్నానని, పేరు బాగోలేదని లోపల్లోపలే కుమిలిపోతుంటుంది, ఆవిడ పనిచేసే రెస్టారెంట్ ఓనర్ ఇతను. ఆ సీరియల్ ఆవిడదే, అందులో రెండో మాట లేదు, కానీ తనకంటే వయసులో పెద్దదైన, అప్పటికే పేరున్న నటి పక్కన 22 ఏళ్ళ కుర్రాడు ఎక్కడా తేలిపోకుండా నిలబడ్డాడు చూశారా, అదీ గొప్ప. చివరి ఎపిసోడ్ కి రేటింగ్ 50 శాతం దాటింది.

ప్ర: 'సామ్ సూన్' కి 50 శాతం, 'క్రాష్ ల్యాండింగ్' కి 21 శాతమే అని చదివాను. మరి రెండోది అంత పెద్ద హిట్ అని ఎందుకంటారు?

జ: మంచి ప్రశ్న. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూడకూడదండీ. 2005లో కొరియాలో రాత్రి పది గంటలకి సీరియల్ అంటే కేబీఎస్, ఎంబీసీ, ఎస్‌బీఎస్, ఈ మూడే, ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ మూడింట్లో ఒకటి చూడాల్సిందే. 2020 నాటికి ఫోన్లు, ఓటీటీలు, బోలెడన్ని కేబుల్ ఛానెళ్ళు వచ్చేశాయి. 'క్రాష్ ల్యాండింగ్' వచ్చింది టీవీఎన్ అనే కేబుల్ ఛానెల్లో, 2019 డిసెంబర్ 14న మొదలై 2020 ఫిబ్రవరి 16న అయిపోయింది, ఆఖరి ఎపిసోడ్ కి 21.7 శాతం దాకా వచ్చింది, అప్పటికి ఆ ఛానెల్ చరిత్రలో అదే రికార్డు. తర్వాత 2024లో 'క్వీన్ ఆఫ్ టియర్స్' దాన్ని దాటేసింది, దాటించింది కూడా అదే రచయిత్రి, పార్క్ జి-యున్! ఆవిడ రాస్తే కొరియాలో జనం టీవీ ముందు కూర్చుంటారంతే.

ప్ర: మాంచి పీక్ లో ఉన్నప్పుడు మిలిటరీకి వెళ్ళిపోయాడంట కదా, తప్పించుకునే వీల్లేదా అక్కడ?

జ: వీల్లేదు, ఆరోగ్యంగా ఉన్న ప్రతి మగవాడూ వెళ్ళాల్సిందే, చట్టం అది. హ్యున్ బిన్ విషయంలో ఆలోచించాల్సింది వెళ్ళాడా లేదా అని కాదు, ఎక్కడికి వెళ్ళాడూ అని. అప్పట్లో సెలబ్రిటీల కోసం సైన్యంలో విడిగా ఒక ప్రచార విభాగం ఉండేది, అందులో చేరినవాళ్ళు రేడియో షోలు, స్టేజీ ప్రోగ్రాములు చేసుకుంటూ సర్వీసు పూర్తి చేసేవాళ్ళు (విమర్శలు ఎక్కువైపోయి 2013లో దాన్ని ఎత్తేశారు). ఇతను దాని జోలికే పోలేదు, మెరైన్ కోర్ కి అప్లై చేసుకున్నాడు. మెరైన్స్ అంటే అక్కడ కావాలని అడిగి, ఫిజికల్ టెస్టు, ఇంటర్వ్యూ నెగ్గి చేరేది, కఠినంగా ఉంటుందని పేరు.

టైము కూడా చూడండి. 2010 నవంబర్ 23న దక్షిణ కొరియాకి చెందిన యోన్‌ప్యోంగ్ ద్వీపం మీద ఉత్తర కొరియా ఫిరంగులు పేల్చింది, ఇద్దరు మెరైన్లు, ఇద్దరు మామూలు మనుషులు చనిపోయారు. సరిగ్గా ఆ రోజుల్లోనే హ్యున్ బిన్ 'సీక్రెట్ గార్డెన్' ఎస్‌బీఎస్ లో దుమ్ము రేపుతోంది. అది 2011 జనవరి 16న ముగిసింది, ఫిబ్రవరిలో బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్ కి అతని సినిమాలు రెండు వెళ్ళాయి, అందులో ఒకటి పోటీ విభాగంలో. మార్చి 7న పొహాంగ్ లోని మెరైన్ల ట్రైనింగ్ సెంటర్ గేటు ముందు జుట్టు కత్తిరించుకుని నిలబడ్డాడు. సీరియల్ ముగిసిన రెండు నెలల్లోపే ఇదంతా. ట్రైనింగ్ అయ్యాక వేసింది బేంగ్‌న్యోంగ్ ద్వీపంలో, ఉత్తర కొరియా తీరానికి కూతవేటు దూరం అది. 2012 డిసెంబర్ 6న బయటికొచ్చాడు. ఎండార్స్‌మెంట్లు, సినిమాలు క్యూ కట్టి ఉన్నప్పుడు మనిషి ఇలా చేశాడంటే నాకు నిజంగా గౌరవం అండీ, అతని మీద అక్కడి పెద్దవాళ్ళకి కూడా అభిమానం ఉండటానికి ఇదొక పెద్ద కారణం.

ప్ర: 'క్రాష్ ల్యాండింగ్' లో కెప్టెన్ రీ గా అతను పెద్దగా ఏం యాక్ట్ చేశాడు, ఊరికే నిలబడ్డాడు అని మా అక్క అంటుంది. మీరేమంటారు?

జ: మీ అక్కగారితో నేను ఒప్పుకోనండీ! కథ తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క, దక్షిణ కొరియాలో బాగా డబ్బున్న వ్యాపారవేత్త, సోన్ యే-జిన్ చేసిన పాత్ర, పారాగ్లైడింగ్ చేస్తూ సుడిగాలికి కొట్టుకుపోయి ఉత్తర కొరియా వైపు చెట్టు మీద పడుతుంది, ఆమెని దాచిపెట్టే అక్కడి సైనికాధికారి కెప్టెన్ రీ ఇతను. ఆ పాత్ర ఎక్కువ మాట్లాడడు, గట్టిగా నవ్వడు, ఏడ్చేదీ తక్కువే. చేతికి ఏ ఆయుధమూ ఇవ్వకుండా యాక్టర్ ని వదిలేసినట్టే.

నాలుగో ఎపిసోడ్ ఆఖరు మళ్ళీ ఒకసారి చూడండి. అంతకు ముందు ఆమె సువాసన వచ్చే కొవ్వొత్తి కావాలంటే, అదేంటో తెలియక ఇతను మామూలు కొవ్వొత్తి తెచ్చిచ్చి ఉంటాడు. ఆ చివర్లో సంతలో ఆమె తప్పిపోతుంది, చీకటి పడుతుంది, చుట్టూ తెలియని జనం, భయంతో బిక్కమొహం వేసుకుని నిలబడిపోతుంది. అప్పుడు జనం తలల మీదుగా ఒక చెయ్యి పైకి లేస్తుంది, చేతిలో వెలుగుతున్న కొవ్వొత్తి. ఈసారి వాసన వచ్చేదే తెచ్చాను, సరైనదేనా అన్నట్టు అడుగుతాడు. మామూలుగా హీరోలు అలాంటి సీన్ లో కళ్ళల్లో ఇంత ప్రేమ కుమ్మరించేస్తారు, బ్యాక్‌గ్రౌండ్ లో పాట ఎలాగూ ఉంది కదా. ఇతను అలా చెయ్యలేదు, హమ్మయ్య దొరికింది అన్న ఊరట ఒకటి ముఖం మీదికి వచ్చేలోపే దాన్ని సర్దేసుకుని కొవ్వొత్తి సంగతి అడుగుతాడు, పరీక్షలో జవాబు కరెక్టేనా అని చూసుకునే పిల్లాడిలా. కాఫీ సీన్ కూడా అంతే, గింజలు ఇనప మూకుట్లో వేయించి, రోట్లో నూరి, వడపోసి ఆమెకిస్తాడు, ఆ పనంతా ఎంత శ్రద్ధగా చేస్తాడంటే డైలాగ్ అక్కర్లేకుండానే మనకి విషయం అర్థమైపోతుంది. నా దృష్టిలో హ్యున్ బిన్ బలం మాట్లాడటంలో కాదు, ఎదుటి మనిషి మాట్లాడుతుంటే వినడంలో ఉంది, సోన్ యే-జిన్ అంత గలగలా నటించగలిగిందంటే ఇవతల ఇతను అలా విన్నాడు కాబట్టే.

ప్ర: 'క్రాష్ ల్యాండింగ్' లో ఆ ఊరు, రైలు, అవన్నీ నిజంగా ఉత్తర కొరియానేనా?

జ: లేదండీ, కొరియా సినిమావాళ్ళకి అక్కడికి వెళ్ళే ప్రసక్తే లేదు. ఊరు సెట్టు, రైలు సీన్లు మంగోలియాలో తీశారు, సరస్సు ఒడ్డున పియానో వాయించేది స్విట్జర్లాండ్ లో ఇసెల్ట్‌వాల్డ్ అనే పల్లెటూరు. ఆ సీన్ తీసిన చెక్క వంతెన మీదికి వచ్చే అభిమానుల తాకిడి తట్టుకోలేక 2023లో గేటు పెట్టి మనిషికి 5 ఫ్రాంకులు తీసుకోవడం మొదలెట్టారు. ఉత్తర కొరియా నుంచి పారిపోయి వచ్చిన ఒకాయన రచనా బృందంలో ఉండి సాయం చేశాడు, అందుకే కరెంటు కోతలూ, ఆడవాళ్ళంతా కలిసి పచ్చళ్ళు పెట్టుకోవడం లాంటివి అంత సహజంగా వచ్చాయి. శత్రుదేశాన్ని మరీ మంచిగా చూపించారని ఒక రాజకీయ పార్టీ కంప్లైంట్ కూడా ఇచ్చింది అప్పట్లో.

ప్ర: అతనికి ఫ్లాపులే లేవా?

జ: ఎందుకు లేవు? మిలిటరీ నుంచి వచ్చాక టీవీలో మొదట చేసిన 'హైడ్, జెకిల్, మీ' 2015లో ఎస్‌బీఎస్ లో వస్తే ఎనిమిది శాతంతో మొదలై దాంట్లో సగానికి జారిపోయింది. అదే టైములో వేరే ఛానెల్లో కూడా హీరోకి ఏడు వ్యక్తిత్వాలున్న కథే నడుస్తోంది, జనం అటు వెళ్ళిపోయారు. ఆ తర్వాత దాదాపు మూడున్నరేళ్ళు సీరియల్ ముట్టుకోలేదు. 2016లో వాస్ట్ అని సొంత ఏజెన్సీ పెట్టుకున్నాడు, 2017లో 'కాన్ఫిడెన్షియల్ అసైన్‌మెంట్' సినిమాలో ఉత్తర కొరియా పోలీసుగా చేస్తే కొరియాలో 78 లక్షల టికెట్లు తెగాయి, కెప్టెన్ రీ కి పునాది అక్కడే పడిందని నాకనిపిస్తుంది. 2018లో జాంబీల సినిమా 'రాంపంట్' మళ్ళీ పోయింది. ఆ ఏడాది చివర్లో 'మెమరీస్ ఆఫ్ ది అల్హంబ్రా' తో టీవీకి వచ్చాడు, స్పెయిన్ లోని గ్రనడా నేపథ్యం, వీడియో గేమ్ కథ, ముగింపు చాలామందికి నచ్చలేదు, నాకూ నచ్చలేదు, కానీ వర్షం చప్పుడు వినగానే చావు భయంతో వణికే మనిషిగా అతను చేసింది మాత్రం మర్చిపోలేం.

ప్ర: సోన్ యే-జిన్ తో ప్రేమ సీరియల్ లోనే మొదలైందా?

జ: ఇద్దరూ అంతకు ముందే 2018లో 'ది నెగోషియేషన్' అనే సినిమా చేశారు, అందులో చాలా భాగం ఒకరి ముఖం ఒకరు స్క్రీన్ మీద చూసుకునే సీన్లే. ప్రేమలో ఉన్నారని 2021 జనవరి 1న ఏజెన్సీలు ఒప్పుకున్నాయి, 2022 మార్చి 31న సియోల్ లో పెళ్ళి, అదే ఏడాది నవంబర్ లో బాబు. అంతకు మించి వాళ్ళింటి సంగతులు అడిగినవాళ్ళు క్షమించాలి, వాళ్ళు దాచుకున్నవి నేను రాయను. ఒక్క సంతోషం పంచుకుంటా, 2025 నవంబర్ లో బ్లూ డ్రాగన్ అనే కొరియన్ సినిమా అవార్డుల్లో ఉత్తమ నటుడు ఇతను, ఉత్తమ నటి ఆవిడ!

ప్ర: ఆ అవార్డు ఏ సినిమాకి? ఇప్పుడు సీరియల్స్ మానేశాడా?

జ: 'హార్బిన్', 2024 డిసెంబర్ లో వచ్చింది. 1909 అక్టోబర్ 26న చైనాలోని హార్బిన్ రైల్వే స్టేషన్ లో జపాన్ నాయకుడు ఇతో హిరోబుమిని కాల్చిన అన్ జుంగ్-గున్ పాత్ర. కొరియన్లకి ఆయనంటే పూజ్యభావం, అలాంటి పాత్రలో హీరోయిజం లేకుండా, తన నిర్ణయం వల్ల తోటివాళ్ళు చచ్చిపోయారే అని కుంగిపోయే మనిషిని చూపించాడు, గడ్డకట్టిన సరస్సు మీద ఒంటరిగా నడిచే సీన్ మంగోలియాలో తీశారు. సీరియల్స్ మానలేదు, అదే డైరెక్టర్ ఊ మిన్-హో తీసిన 'మేడ్ ఇన్ కొరియా' 2025 డిసెంబర్ లో డిస్నీ ప్లస్ లో వచ్చింది, 1970ల నాటి గూఢచారి సంస్థలో పనిచేసే మనిషి, ఈసారి మంచివాడు కాదు. కెప్టెన్ రీ ని గుండెల్లో పెట్టుకున్నవాళ్ళు కాస్త సిద్ధపడి చూడండి.

ప్ర: నేను ఒక్కటీ చూడలేదు, దేనితో మొదలుపెట్టమంటారు?

జ: 'క్రాష్ ల్యాండింగ్' తోనే, 16 ఎపిసోడ్లు, మొదటి రెండూ కాస్త ఓపిక పట్టండి, నాలుగోది చూశాక మీరే ఆపలేరు. తర్వాత వెనక్కి వెళ్ళి 'సీక్రెట్ గార్డెన్', ఆడా మగా శరీరాలు మారిపోయే కథ, స్టంట్ చేసే అమ్మాయి తన ఒంట్లో దూరితే మగాడు ఎలా నడుస్తాడో ఎలా కూర్చుంటాడో చేసి చూపిస్తాడు, తళతళలాడే ఆ ట్రాక్ సూట్ చూసి మొదట నవ్వొచ్చినా సరే. 'సామ్ సూన్' కి పిక్చర్ క్వాలిటీ పాతగా ఉంటుంది, హీరో కొన్నిచోట్ల మరీ పొగరుగా కనిపిస్తాడు, అది మూడోది. 'హార్బిన్' ని మాత్రం రాత్రి నిద్రొస్తున్నప్పుడు పెట్టుకోవద్దు, చీకటి సీన్లు ఎక్కువ, పెద్ద స్క్రీన్ మీద లైట్లు ఆపేసి చూస్తేనే ముఖాలు తెలుస్తాయి.