కాల్షియం 13 దాటింది, చోడి (రాగి) అంబలి మానిపించాలా?

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు. మాది సోంపేట దగ్గర పల్లె. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ఎముకల బలానికని ఒక ఇంజక్షన్ చేసి, కాల్షియం మాత్రలు, డి విటమిన్ పొడి ప్యాకెట్లు ఇచ్చారు. ప్యాకెట్ పాలలో కలుపుకుని రోజుకొకటి తాగుతోంది, నెల దాటింది. బీపీ మాత్ర ఆరేళ్లుగా వాడుతోంది. రెండు వారాలుగా అన్నం సహించడం లేదు, వికారం, మలబద్ధకం. రాత్రి ఐదారుసార్లు మూత్రానికి లేస్తోంది. ఒక్కోసారి పిలిస్తే ఆలస్యంగా పలుకుతోంది. నడుం నొప్పి ఉంది, బరువు కూడా తగ్గింది. రిపోర్టులో కాల్షియం 13.1, ఆల్బుమిన్ 3.5, క్రియాటినిన్ 1.7 వచ్చాయి. ఇది ఉద్దానం కిడ్నీ జబ్బేనా? రోజూ తాగే చోడి అంబలి, పాలు మానిపించాలా?
– ఒక కుమార్తె, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మగారిని ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పలాస అయినా, శ్రీకాకుళం రిమ్స్ అయినా సరే, రక్త పరీక్షలు, సెలైన్, ఈసీజీ ఉన్నచోటికి వెళ్లండి. అంబలి సంగతి తర్వాత చూద్దాం. మీరు రాసిన వాటిలో నాకు భయం కలిగించింది ‘పిలిస్తే ఆలస్యంగా పలుకుతోంది’ అన్న మాట. కాల్షియం పెరిగిన మనిషిలో మగత, తికమక కనిపించాయంటే ఇక ఇంట్లో ఉంచి చూసే పరిస్థితి కాదు.

రక్తంలో కాల్షియం మామూలుగా 8.5 నుంచి 10.5 మధ్య ఉంటుంది. 12 దాటితే లక్షణాలు బయటపడతాయి, 14 దాటితే ప్రాణం మీదికి రావచ్చు. మీ రిపోర్టులో 13.1 అని ఉన్నా, రక్తంలో కాల్షియాన్ని పట్టి ఉంచే ప్రోటీన్ అయిన ఆల్బుమిన్ తక్కువగా ఉంది కాబట్టి లెక్క కాస్త మారుతుంది. ఆల్బుమిన్ 4 కంటే ఒక గ్రాము తగ్గితే కాల్షియానికి 0.8 కలిపి చూస్తాం. ఇక్కడ అర గ్రాము తగ్గింది. అంటే అసలు కాల్షియం సుమారు 13.5.

ఇది ఉన్నచోట ఆగే జబ్బు కాదు. కాల్షియం పెరిగితే కిడ్నీ నీటిని పట్టి ఉంచలేదు, మూత్రం ధారాళంగా పోతుంది. వికారం వల్ల మనిషి నీళ్లు తాగరు. ఒళ్లు ఎండిపోతుంది. అలా ఎండిపోయిన ఒంట్లో కిడ్నీ కాల్షియాన్ని బయటికి పంపలేక, అది ఇంకా పెరుగుతుంది. రాత్రి అన్నిసార్లు లేస్తే చాలామంది షుగర్ అనుకుని ఆ ఒక్క పరీక్ష చేయించి ఊరుకుంటారు. మీరు కాల్షియం కూడా చూపించారు, అది మంచి పని. కానీ రెండు వారాలు ఆగకుండా ఉండాల్సింది.

ఇక ఆ ప్యాకెట్లు. అవి 60,000 యూనిట్లవైతే వారానికి ఒకటి చొప్పున, సాధారణంగా ఎనిమిది వారాలు ఇస్తాం. మొత్తం 4 లక్షల 80 వేల యూనిట్లు. మీ అమ్మగారు రోజుకొకటి వేసుకున్నారు. 30 రోజులకే 18 లక్షలు! ఆ ఇంజక్షన్ పేరు మీరు రాయలేదు. ఎముకల బలానికని ఇచ్చే డి విటమిన్ ఇంజక్షన్లలో 6 లక్షల యూనిట్లవి ఉన్నాయి. ఇదీ అదే అయితే మొత్తం 24 లక్షలు. ఈ వయసులో ఒంటికి రోజుకు కావలసింది 600 నుంచి 800 యూనిట్లు మాత్రమే.

నేను దీని మీద ఇంతసేపు ఎందుకు ఆగానంటే, ఇది నాకు కొత్త కాదు. ఒకసారి ఒక పెద్దాయనను మగతలో తీసుకొచ్చారు. ఏం మందులు వాడారని అడిగితే ఆయన భార్య చేతిసంచి నా బల్ల మీద బోర్లించింది. 41 ఖాళీ ప్యాకెట్లు. ప్రతిదీ ఒక మూల కత్తెరతో నీటుగా కత్తిరించి, డాక్టరుకు చూపిద్దామని దాచిపెట్టింది. చీటీలో వారానికి ఒకటి అనే ఉంది, కానీ ఇంగ్లిష్‌లో. మందులషాపు కవరు మీద మాత్రం 1 అని ఒక అంకె వేసి ఊరుకున్నారు. ఆమె ఒక్కరోజు కూడా తప్పకుండా ఇచ్చింది. విటమినే కదా, ఎక్కువైతే ఏమవుతుందని దయచేసి అనుకోకండి. బి విటమిన్ ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతుంది. డి అలా పోదు, కొవ్వులో చేరి నెలల తరబడి ఉంటుంది.

ప్యాకెట్లు, కాల్షియం మాత్రలు ఈ పూట నుంచే ఆపేయండి. చప్పరించే గ్యాస్ మాత్రల్లో కూడా కొన్నిట్లో కాల్షియం ఉంటుంది, అవీ వద్దు. బీపీ మాత్ర స్ట్రిప్ మీద హైడ్రోక్లోరోథయజైడ్ లేదా క్లోర్‌థాలిడోన్ అని ఉందేమో చూడండి. అవి కాల్షియాన్ని మూత్రంలోకి సరిగా పోనివ్వవు. ఉంటే ఈరోజు చూసే డాక్టరుకు చెప్పి మార్పించండి. మీ అంతట మీరు బీపీ మందు ఆపవద్దు.

అయితే మనిషిని చూడకుండా తప్పంతా ప్యాకెట్లదే అని నేను తేల్చలేను. నడుం నొప్పి, బరువు తగ్గడం మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు, నేను వదల్లేను. కాల్షియం పెరగడానికి ఎక్కువగా కనిపించే కారణాలు రెండు. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు అతిగా పనిచేయడం ఒకటి, క్యాన్సర్ రెండోది. ఎముక మజ్జలో వచ్చే మైలోమా అనే క్యాన్సర్ నడుం నొప్పితో, రక్తహీనతతో, కిడ్నీ దెబ్బతో బయటపడుతుంది. టీబీలో కూడా కాల్షియం పెరగొచ్చు. అందుకని పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్), డి విటమిన్ స్థాయి, రక్తంలో ప్రోటీన్ల పరీక్ష చేయమని అడగండి. డి విటమిన్ 150 నానోగ్రాములు దాటి, పీటీహెచ్ బాగా తగ్గి ఉంటే దోషం ప్యాకెట్లదే అయ్యే అవకాశం ఎక్కువ. భయపెట్టాలని చెప్పడం లేదు, ఒక కారణం దొరికిందని రెండోది చూడకుండా వదిలేయకూడదని చెబుతున్నాను.

ఉద్దానం గురించి అడిగారు. కవిటి, సోంపేట వైపు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కాస్త పెరిగితే చాలు, ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంటుంది. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ కాల్షియం ఎక్కువైతే దానివల్ల కూడా క్రియాటినిన్ పెరగొచ్చు, సకాలంలో తగ్గిస్తే చాలామందిలో కిడ్నీ కోలుకుంటుంది. పాత రిపోర్టు ఉంటే పట్టుకెళ్లండి. అప్పుడు 0.9 ఉండి ఇప్పుడు 1.7 అయితే కథ వేరు, ఇది పాత జబ్బు కాక ఈమధ్య తగిలిన దెబ్బే కావచ్చు.

ఆసుపత్రిలో ముందు సెలైన్ ఎక్కిస్తారు. కాల్షియం తగ్గడానికి అవసరాన్ని బట్టి కాల్సిటోనిన్, కిడ్నీ పరిస్థితి చూసుకుని జోలెడ్రోనిక్ యాసిడ్ అనే మందులు ఇస్తారు. ఈ రెండోది పూర్తిగా పనిచేయడానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది, వెంటనే తగ్గలేదని కంగారుపడకండి. డి విటమిన్ వల్ల అయితే స్టెరాయిడ్ కూడా వాడతారు. మంచం పక్కన ఉండేది మీరే కాబట్టి కొన్ని పనులు మీ మీదే ఉంటాయి. ఎంత తాగారు, ఎంత మూత్రం పోశారు అన్నది కొలతల మగ్గుతో కొలిచి టైముతో సహా కాగితం మీద రాయండి. నర్సమ్మకు ఆ కాగితం ఎంతో సాయం. సెలైన్ ఎక్కుతుండగా ఆయాసం వచ్చినా, పడుకోలేకపోయినా, కాళ్లు ఉబ్బినా వెంటనే పిలవండి. మగతలో ఉన్నప్పుడు నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కండరాలు నీరసించి ఉంటాయి, బాత్రూంకు ఒంటరిగా పంపవద్దు. అలాగని రోజంతా పడుకోబెట్టేయకండి. కదలకుండా ఉంటే ఎముకల్లోంచి కాల్షియం ఇంకా రక్తంలోకి వస్తుంది. డాక్టరు సరే అన్నాక కూర్చోబెట్టండి, పట్టుకుని నాలుగు అడుగులు వేయించండి.

ఇక అంబలి. వంద గ్రాముల చోళ్లలో కాల్షియం 350 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. ఆ అంబలి వల్ల మాత్రమే కాల్షియం 13కు చేరదు. డి విటమిన్ ఎక్కువైందని తేలితే, పేగు కాల్షియాన్ని మామూలు కంటే ఎక్కువ పీల్చుకుంటుంది కాబట్టి, కొన్నాళ్లు పాలు, చోళ్లు తగ్గించమంటారు. అది తేలేదాకా ఈ నాలుగు రోజులు గంజి, మజ్జిగ ఏది పడితే అది పెట్టకుండా ఆసుపత్రిలో చెప్పినట్టు పెట్టండి. కారణం తేలాక అంబలి మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో వాళ్లనే అడగండి.

ఇంటికొచ్చాక వారం తిరక్కుండా కాల్షియం, క్రియాటినిన్ మళ్లీ చేయించండి. బాగుంది కదా అని మానొద్దు, కొవ్వులో ఉన్న డి వల్ల మళ్లీ పెరిగినవాళ్లున్నారు. ఇప్పుడు బయల్దేరేటప్పుడు మిగిలిన ప్యాకెట్లు, ఖాళీవి, ఇంజక్షన్ రాసిన చీటీ, బీపీ మాత్రల స్ట్రిప్ అన్నీ ఒక సంచిలో వేసుకోండి. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి.