ఢిల్లీ డీజిల్ బండి చవగ్గా వస్తోంది, తెచ్చుకోనా?

ప్రశ్న: సార్, మాది చంద్రపూర్ జిల్లా రాజురా. బట్టల షాపు ఉంది. అత్తగారి ఊరు ఆసిఫాబాద్ దగ్గర, నెలకు రెండు మూడు సార్లు వెళ్లొస్తాం. తెలిసినాయన ద్వారా ఢిల్లీలో 2016 మార్చి మోడల్ డీజిల్ సెవెన్ సీటర్ నాలుగున్నర లక్షలకు వస్తోంది. అలాంటిదే ఇక్కడ మన చంద్రపూర్ ఎంహెచ్-34 నంబరుతో ఆరు లక్షలు చెబుతున్నారు. పాప ఇంజినీరింగ్ కోసం వేసిన ఆరు లక్షల ఎఫ్‌డీ ఉంది, అది తీసి కొందామని ఆలోచన. పాప ఇప్పుడు పదకొండో తరగతి. ట్యాక్స్ ఎంత పడుతుంది? అత్తగారి అడ్రస్ మీద తెలంగాణలో రిజిస్ట్రేషన్ చేయిస్తే కలిసొస్తుందా? పాత బండ్ల మీద వేసే ఈ గ్రీన్ ట్యాక్స్ అంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ టెన్షన్ గ్రీన్ ట్యాక్స్ గురించి. నాకేమో గ్రీన్ ట్యాక్స్ కన్నా ఆ లక్షన్నర తేడా మీదే అనుమానం. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ చుట్టుపక్కల తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో చెప్పింది. 2018లో సుప్రీం కోర్టు కూడా అదే ఖాయం చేసింది. అప్పటి నుంచి అక్కడ పదో ఏడు దగ్గరపడిన డీజిల్ బండి ధర పడిపోతుంది, అది బయటి రాష్ట్రాల బాట పడుతుంది. మీకు వచ్చిన ఆఫర్ కూడా అలాంటిదే. కానీ 2025 డిసెంబరులో కోర్టు ఒక తేడా చూపించింది. బీఎస్ అంటే బండి వదిలే పొగకు పెట్టిన ప్రమాణం, అంకె పెరిగితే పొగ తక్కువ. బీఎస్-4, ఆ పై బండ్లను వయసు ఒక్కటే చూసి పట్టుకోవద్దని, బీఎస్-3, అంతకన్నా పాతవాటికి ఆ రక్షణ లేదని చెప్పింది. ఢిల్లీలో 2010 నుంచే బీఎస్-4 అమల్లో ఉంది కాబట్టి మీరు చెప్పిన 2016 బండి బీఎస్-4 అయి ఉండాలి. అంటే అమ్మేసి తీరాల్సిన అవసరం ఆ ఓనరుకు లేదు. అయినా ఇంత తగ్గిస్తున్నాడంటే ఎందుకో అడగాలి. భయంతో అమ్ముతుంటే సరే. 2023 జులైలో యమున పొంగినప్పుడు నీళ్లలో నానిన బండి అయితే మాత్రం కష్టం. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, లోపలి మడతలో బురద చార ఉంటే ఎంత షాంపూ వేసి కడిగినా దొరికిపోతుంది.

ఇక పన్ను. పొగను బట్టి పన్ను వెయ్యడం కొన్ని దేశాల్లో నిజంగా తూకం వేసినట్టే జరుగుతుంది. ఐర్లాండ్‌లో ఉన్నవాళ్లు బ్రిటన్ నుంచి పాత డీజిల్ కారు తెచ్చుకుంటే, అది కిలోమీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు వదులుతుందో లెక్కగట్టి 2020 నుంచి అదనంగా వసూలు చేస్తున్నారు. డీజిల్‌కు అది 4,850 యూరోల దాకా పోవచ్చు. మన దగ్గర మిల్లీగ్రాముల లెక్క లేదు, ఆర్‌సీలో ఇంధనం అన్న గడిలో ఏముందో చూస్తారు. మహారాష్ట్రలో సొంత కారు ధర 10 లక్షల లోపుంటే పెట్రోలుకు 11 శాతం, డీజిల్‌కు 13 శాతం. 10 నుంచి 20 లక్షల మధ్య అయితే పెట్రోలుకు 12, డీజిల్‌కు 14. ఆ పైన 13, 15. ఎక్కడ చూసినా డీజిల్‌కు రెండు శాతం ఎక్కువ. మనకున్న పొగ పన్ను ఇదే, కాకపోతే ఎవరూ ఆ పేరుతో పిలవరు.

చాలామంది పొరబడేది దీని తర్వాత. ఈ శాతం మీరిచ్చే నాలుగున్నర లక్షల మీద కాదు, బండి కొత్తగా ఉన్నప్పటి ధర మీద వేస్తారు. తర్వాత వయసును బట్టి కొంత తగ్గిస్తారు. ఢిల్లీలో మొదటి ఓనరు కట్టిన రోడ్ ట్యాక్స్ మీ ఖాతాలో జమ కాదు. కొత్తలో ఆ బండి 13 లక్షలనుకుందాం. 14 శాతం అంటే 1,82,000. వయసుకు ఎంత తీసేస్తారో చంద్రపూర్ ఆర్‌టీఓలో బండి వివరాలిస్తే చెబుతారు, నేను లెక్క కోసం సగం వేసుకున్నాను. 91,000. ఢిల్లీ నుంచి లారీ మీద తేవడానికి పాతిక వేలు. మీరు, తెలిసిన మెకానిక్ వెళ్లి చూసి రావడానికి పది వేలు. ఎన్‌ఓసీ (బండి వేరే రాష్ట్రానికి వెళ్లడానికి పాత ఆర్‌టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం), ఫీజులు, నంబరు ప్లేటు, ఏజెంటు చెయ్యి తడపడం అన్నీ కలిపి పన్నెండు వేలు. మొత్తం 1,38,000. లక్షన్నర తేడాలో మిగిలింది పన్నెండు వేలు. ఇంకా టైర్లు చూడలేదు, ఇన్సూరెన్స్ కట్టలేదు, సర్వీసింగ్ చేయించలేదు. తడిసి మోపెడవడమంటే ఇదే.

ఈ దారిలో నేనూ ఒకసారి దెబ్బ తిన్నాను. పక్క రాష్ట్రం నుంచి పాత బండి తెచ్చుకున్నప్పుడు మధ్యవర్తి "ఎన్‌ఓసీ నా బాధ్యత సార్" అన్నాడు. తీరా చూస్తే దాని మీద పాత లోను తీరినట్టు ఆర్‌సీలో ఎక్కలేదు. నాలుగు నెలలు బండి మా ఇంటి ముందు కవరు కప్పుకుని కూచుంది, మా వీధి కుక్కకు మంచి నీడ దొరికింది. అందుకని అడ్వాన్సు ఇచ్చే ముందే బండి నంబరు కేంద్ర ప్రభుత్వ పరివాహన్ పోర్టల్‌లో కొట్టి లోను, చలాన్లు, ఎన్నో ఓనరు అన్నవి చూసుకోండి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను ఎక్కడికి పంపొచ్చో రాష్ట్రాలు చెప్పాలని హరిత ట్రిబ్యునల్ 2016లోనే అంది. కాబట్టి ఈ వయసు డీజిల్‌ను మన జిల్లాలో తీసుకుంటారా అన్నది ఢిల్లీ టికెట్ కొనక ముందే చంద్రపూర్‌లో అడగండి.

అత్తగారి అడ్రస్ సంగతి. తెలంగాణ రేట్లలో డీజిల్, పెట్రోలు తేడా లేదు, అందుకే మీకు ఆశ కలిగి ఉంటుంది. కానీ 2022 మే నుంచి అక్కడ 10 లక్షలు దాటిన కొత్త బండికి 17 శాతానికి తక్కువ లేదు. మహారాష్ట్రలో డీజిల్‌కు పడే 14 కన్నా అది ఎక్కువే. పైగా బండి ఉండేది రాజురాలో. వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలు దాటి ఇక్కడ తిప్పితే మళ్లీ ఇక్కడి నంబరు వేయించుకోవాలని చట్టం. సరిహద్దులో లక్కడ్‌కోట్ దగ్గర ఆపిన ప్రతిసారీ మామగారి ఊరి కథ చెప్పుకుంటూ కూచోవాలి. ఆ ఆలోచన వదిలేయండి.

మీరు భయపడుతున్న గ్రీన్ ట్యాక్స్ నిజానికి చిన్నది. సొంత బండికి 15 ఏళ్లు నిండాక వస్తుంది. మహారాష్ట్ర 2010లో పర్యావరణ పన్ను పేరుతో దీన్ని పెట్టినప్పుడు అయిదేళ్లకు డీజిల్ కారుకు 3,500, పెట్రోలుకు 3,000గా నిర్ణయించింది. ఆర్‌సీ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000. ఇవి ఎవరినీ ముంచవు. అయితే 2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన ప్రతిపాదనలో కాలుష్యం ఎక్కువున్న నగరాల్లో రోడ్ ట్యాక్స్‌లో సగం దాకా గ్రీన్ ట్యాక్స్ వెయ్యొచ్చన్న మాట ఉంది. మన చంద్రపూర్‌ను 2009లోనే తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చారు. థర్మల్ స్టేషన్, బొగ్గు గనులు మనవే, ఢిల్లీ వాళ్లు వద్దనుకున్న పొగ కూడా మనకే. రేపు రేట్లు పెంచితే వదిలిపెట్టే ఊరు కాదు ఇది.

అసలు దెబ్బ తిరిగి అమ్మేటప్పుడు తగులుతుంది. ఈ బండి ఆర్‌సీ 2031 మార్చితో ముగుస్తుంది. పాప 2027లో చేరితే బీటెక్ అయిపోయేది కూడా 2031లోనే. ఆ ఏడు మీరు అమ్మబోతే, కొనేవాడు ఫిట్‌నెస్, రెన్యువల్, పర్యావరణ పన్ను అన్నీ చూపించి బేరం ఆడతాడు. ఇవాళ ఢిల్లీ ఆయన మీకు ఇస్తున్న తగ్గింపును అప్పుడు మీరు ఇంకొకరికి ఇస్తారు.

డీజిల్ ఖర్చు తక్కువ కదా అంటారు. నెలకు 500 కిలోమీటర్లంటే ఏడాదికి 6,000. ఆ సైజు డీజిల్ బండి లీటరుకు 15 ఇస్తే 400 లీటర్లు, పెట్రోలు బండి 12 ఇస్తే 500 లీటర్లు. డీజిల్ 91, పెట్రోలు 104 వేసుకుంటే ఏడాదికి మిగిలేది 15,600. క్లచ్ ప్లేట్లో, ఇంజెక్టర్లో ఒక్కసారి పోతే రెండేళ్ల మిగులు పోతుంది. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగేవారైతే నా సలహా వేరేగా ఉండేది.

ఎఫ్‌డీ మాత్రం ముట్టుకోకండి, ఏడాదిలో ఫీజు కట్టాలి. నెలకు మూడు రోజుల పనికి ఏడు సీట్లు అవసరమా అన్నది ఇంట్లో మాట్లాడుకోండి. బండి కావాల్సిందే అంటే ఎంహెచ్-34 నంబరున్న, ఒకే ఓనరు వాడిన పెట్రోలు కారు మూడున్నర లక్షల్లో వెతకండి. చేతిలో ఉన్న డబ్బు చాలకపోతే ఎఫ్‌డీ మీద చిన్న లోను తీసుకోండి. మామూలుగా ఎఫ్‌డీ వడ్డీకి ఒకటి రెండు శాతం ఎక్కువే పడుతుంది, దీపావళి సీజన్‌లో తీర్చేయొచ్చు. బండి చూడటానికి పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి.