మా పిల్లల రక్తంలో సీసం ఉందో లేదో ప్రభుత్వం చేత తేల్పించుకోవడం ఎలా?

ప్రశ్న: మాది ఏర్పేడు మండలంలో ఒక పల్లె. నాలుగేళ్ల కిందట వంక పక్కన షెడ్డు వేసి, పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగిస్తున్నారు. రాత్రిళ్లు పొగ, పొద్దున్నే గొంతు మంట. మిగిలిన బూడిద, చిట్టెం వంకలోనే పోస్తారు. మా ఆరేళ్ల బాబుకు ఎప్పుడూ కడుపునొప్పి, రక్తం తక్కువ. రెండు ఆవులు కళ్లు కనపడక గుండ్రంగా తిరిగి తిరిగి చచ్చిపోతే పూడ్చేశాం. కలెక్టరేటులో ఎన్నోసార్లు అర్జీలిచ్చాం. అమెరికాలో ఉత్తరం రాస్తే ప్రభుత్వమే వచ్చి ఊరి ఆరోగ్యాన్ని పరిశీలిస్తుందని అక్కడున్న మా బావమరిది అంటున్నాడు. ఇక్కడ ఎవరికి రాయాలి? షెడ్డు యజమాని ఇంటికి యాభై వేలు, ఊరికి నీళ్ల ప్లాంటు ఇస్తానంటూ స్టాంపు కాగితం మీద సంతకాలు అడుగుతున్నాడు. పెద్దలు ఒప్పుకోమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, తిరుపతి జిల్లా

జవాబు: మీ కేసును తేల్చే మాట ఒకటే ఉంది: ‘నాలుగేళ్ల కిందట’. ఏ నెలలో? పొయ్యి మొదట ఎప్పుడు వెలిగింది? అది మీరు రాయలేదు. ముందు ఆ తేదీ పట్టుకోండి. షెడ్డుకు కరెంటు కనెక్షన్ ఇచ్చిన తేదీ, పంచాయతీ అనుమతి, ఎవరి ఫోనులోనైనా ఉన్న పాత ఫొటో, ఏదైనా సరే.

ఎందుకంటే పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం, 2010లో రెండు దారులున్నాయి. 14వ సెక్షన్ కింద పర్యావరణ వివాదం తేవాలంటే, ఆ వివాదానికి కారణం మొదట పుట్టిన రోజు నుంచి 6 నెలలే గడువు. తగిన కారణం చూపితే మరో 60 రోజులు. ఆ తలుపు మీకు దాదాపు మూసుకుపోయింది. 15వ సెక్షన్ కింద నష్టపరిహారం, పాడైన నేలా నీరూ బాగుచేయించడం అడగాలంటే 5 ఏళ్లు, పైన 60 రోజులు. మీకు మిగిలింది ఇదే. జబ్బు బయటపడిన రోజు నుంచి లెక్కపెట్టాలని వాదించవచ్చు. కానీ పిల్లల కేసును ఆ వాదన మీద ఆధారపెట్టవద్దు. పొయ్యి వెలిగిన రోజు నుంచే లెక్కవేసుకోండి. కలెక్టరేటులో అర్జీ పెండింగులో ఉందని ఈ గడువు ఆగదు.

ఇంకో గడువు కూడా నడుస్తోంది. ఒంట్లోకి సీసం చేరడం ఆగిపోతే, రక్తంలో ఉన్నది సుమారు నెల రోజుల్లో సగానికి పడిపోతుంది. చాలా ఏళ్లుగా ఎముకల్లో చేరినది మాత్రం అక్కడే ఉండిపోతుంది. అంటే షెడ్డు మూసేసిన ఆరు నెలలకు డాక్టర్లు వచ్చి రక్తం తీస్తే అంకె తక్కువ రావచ్చు. అప్పుడు యజమాని వకీలు అదే కాగితం పట్టుకుని మీ మీద వాదిస్తాడు.

అందుకే మీ బాబుకు, ఊళ్లో ఐదారేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు ఈ వారమే రక్తంలో సీసం పరీక్ష చేయించండి. మామూలు రక్త పరీక్షలో ఇది తెలియదు. ప్రభుత్వ డాక్టరు చేత పరీక్ష పేరు పెట్టి రాయించుకుని, నరం నుంచి తీసిన రక్తాన్ని ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపండి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే సీసం ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ ఊరి బోరు నీళ్లు తాగుతుంటే మాత్రం ఇవాళే మానేయండి. సాక్ష్యం కోసం పిల్లలకు ఆ నీళ్లు తాగించమని ఏ లాయరూ చెప్పడు. కాచినా సీసం పోదు. వాకిట్లో మన్ను, దుమ్ము అంటిన చేతులు నోట్లో పెట్టుకున్నా లోపలికి పోతుంది. కాబట్టి నీళ్లు ఒక్కటే చూసి ఊరుకోకండి.

మీ బావమరిది చెప్పింది నిజమే. అమెరికాలో 1980 నాటి చట్టం కింద ఏర్పడిన సంస్థ ఒకటి ఉంది, ఆఫీసు అట్లాంటాలో. ప్రమాదకర వ్యర్థాల వల్ల ఆరోగ్యం దెబ్బతింటోందని ఎవరైనా అర్జీ పెట్టుకోవచ్చు. కానీ ఆ సంస్థ పరిహారం ఇప్పించదు, ఫ్యాక్టరీ మూయించదు. పరిశీలించి సిఫార్సు చేస్తుంది, అంతే. మన దగ్గర అలా ఒకే చోట అర్జీ పెట్టుకునే ఏర్పాటు లేదు. అయినా వాళ్లు వేసే ప్రశ్నలు మీకు పనికొస్తాయి. విషం ఎక్కడ పుట్టింది? దేనిలో కలిసింది, నీటిలోనా, మట్టిలోనా, గాలిలోనా? మనిషి దాన్ని ఎక్కడ తాకాడు? ఒంట్లోకి ఎలా పోయింది? ఎవరెవరికి? ఈ గొలుసులో ఒక్క కొక్కెం తెగినా ‘జబ్బుంది, కానీ మా వల్ల కాదు’ అంటారు.

2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది మూర్ఛలతో ఆసుపత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పురుగుమందుల అవశేషాలు చూసింది. ఒక్కో చోట ఒక్కో రకంగా వెతికితే ఏమవుతుందో అక్కడ చూశాం. అందుకే ఏం వెతకాలో మీ అర్జీలోనే రాయాలి.

ఇక మీ అజాగ్రత్త గురించి. ఆవులు అలా చచ్చిపోతే పశువుల డాక్టరు చేత పోస్టుమార్టం చేయించకుండా పూడ్చేశారు. కళ్లు కనపడకపోవడం, గుండ్రంగా తిరగడం సీసం విషానికి బాగా తెలిసిన లక్షణాలు. మీ చేతిలో ఉన్న అన్నిటికంటే బలమైన సాక్ష్యాన్ని మీరే గుంతలో వేసి మూశారు. ఎన్నోసార్లు అర్జీలిచ్చామన్నారు, ఒక్క రసీదు నంబరైనా రాశారా? రసీదు లేని అర్జీ ఇవ్వని అర్జీతో సమానం. ఇకపై ఒక్క పశువు పడిపోయినా డాక్టరు రాకుండా పూడ్చకండి.

స్టాంపు కాగితం మీద సంతకం పెట్టకండి. మీరొక్కరే కాదు, ఊళ్లో ఎవ్వరూ పెట్టకూడదు. ఆ కాగితంలో డబ్బు సంగతి ఒక్క లైను ఉంటుంది. మిగతాదంతా ‘మాకు ఎలాంటి కాలుష్యం లేదు, జబ్బులు లేవు, ఫిర్యాదు లేదు’ అని ఉంటుంది. అది పరిహారం కాగితం కాదు, మీ చేత రాయించుకున్న సాక్ష్యం. చేసిన నేరం మీ సంతకంతో మాసిపోదు, చిన్నపిల్లల హక్కును తండ్రి అలా రాసిచ్చినా సులువుగా చెల్లదు. కానీ అది నిరూపించడానికే ఏళ్లు పడుతుంది. ఇప్పటికే ఎవరైనా పెట్టి ఉంటే ఆ కాగితం నకలు తెచ్చుకోండి.

చేయవలసినది ఇది. కలెక్టరుకు అర్జీ, నకళ్లు జిల్లా వైద్యాధికారికి, తిరుపతిలోని కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి. ‘మెడికల్ క్యాంపు పెట్టండి’ అని రాయకండి. వచ్చి బీపీ, షుగరు చూసి మాత్రలిచ్చి పోతారు. పిల్లల రక్తంలో సీసం పరీక్ష, బోర్లలో నీరు, ఇళ్ల ముందు మట్టి, పోలిక కోసం షెడ్డుకు దూరంగా ఉన్న మరో ఊరి నమూనాలు, ప్రభుత్వ వైద్య కళాశాల వైద్యులతో నివేదిక అని విడివిడిగా అడగండి. నమూనాలు అధికారులే తీసి, యజమానికి తెలియజేసి, సీలు వేయాలి. పర్యావరణ పరిరక్షణ చట్టం 11వ సెక్షన్ పద్ధతి పాటించకపోతే ఆ ఫలితం కోర్టులో సాక్ష్యంగా నిలవదు. మీరు సీసాలో పట్టి ల్యాబుకిచ్చిన నీళ్ల రిపోర్టు ట్రిబ్యునల్‌ను కదిలించడానికి పనికొస్తుంది, నేరం రుజువు చేయడానికి కాదు.

అదే రోజు 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి. షెడ్డుకు ప్రమాదకర వ్యర్థాల అనుమతి ఉందా, తనిఖీ నివేదికలేమిటి, వ్యర్థాలు ఎక్కడికి పంపినట్టు ఫారం 10లు (వ్యర్థాల రవాణా పత్రాలు) ఉన్నాయి, అన్నీ అడగండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అలాంటి వ్యర్థాలు మామూలుగా 90 రోజులు దాటి నిల్వ ఉంచకూడదు. పొగ వెంటనే ఆపించడానికి ఆర్డీఓ దగ్గర భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ప్రజా బాధ (పబ్లిక్ న్యూసెన్స్) గురించి ఫిర్యాదు చేయవచ్చు.

వీటి జవాబులు వచ్చినా రాకపోయినా గడువులోగా చెన్నైలోని ట్రిబ్యునల్ దక్షిణ బెంచికి వెళ్లండి. ఆరోగ్య పరిశీలన కోసం సంయుక్త కమిటీ వేయమని, ఊరికి పరిహారం ఇప్పించమని ఒకే దరఖాస్తులో కోరండి. ట్రిబ్యునల్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం యజమాని తప్పు చేశాడని మీరు నిరూపించనక్కర్లేదు, హాని అతని పని వల్ల కలిగిందని చూపితే చాలు. ఫీజు అడిగిన పరిహారంలో ఒక శాతం, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఉండదు. వకీలు ఖర్చుకు భయపడకండి. మీ భార్య పేరుతో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టించండి. ఆదాయంతో పని లేకుండా మహిళలకు ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది.

సోమవారం గ్రీవెన్సుకు వెళ్లేటప్పుడు బాబు ఓపీ చీట్లన్నీ జిరాక్సు తీసి అర్జీకి జతచేయండి, అసలువి ఎవరికీ ఇవ్వకండి. రసీదు చేతికి వచ్చేదాకా కలెక్టరేటు వదలకండి.