మీ ప్రశ్నలు, మా జవాబులు: ఆడియో కేబుళ్లు ఇంట్లోనే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంటర్‌కనెక్ట్ కేబుళ్ల గురించే. అంటే ప్లేయర్ నుంచి యాంప్లిఫయర్‌కు, మిక్సర్ నుంచి పవర్ యాంప్‌కు సిగ్నల్ మోసే సన్న వైర్లు. స్పీకర్ వైర్ల సంగతి వేరు, అది ఇక్కడ కలపలేదు.

ప్రశ్న: డాక్ (డీఏసీ, డిజిటల్ పాటను మామూలు ఆడియో సిగ్నల్‌గా మార్చే పెట్టె) నుంచి యాంప్లిఫయర్‌కు మీటరు పొడవు ఆర్‌సీఏ జత (మధ్య పిన్ను, చుట్టూ డొప్ప ఉండే ఎర్ర, నల్ల ప్లగ్గుల కేబుళ్లు) సొంతంగా చేసుకుందామనుకుంటున్నాను. సోల్డరింగ్ కొద్దిగా వచ్చు. ఏమేం కొనాలి, ఏ వరసలో చేయాలి? (తెనాలి)

లోపల రెండు గానీ నాలుగు గానీ కోర్‌లు (ఇన్సులేషన్ ఉన్న తీగలు), చుట్టూ రాగి షీల్డ్ (బయటి మోతను అడ్డుకునే రాగి పోగుల పొర) ఉన్న మైక్ కేబుల్ తీసుకోండి. మొగామి 2549 గానీ కెనారే ఎల్-4ఈ6ఎస్ గానీ దొరికితే మంచిది. రెండూ 6 మి.మీ. మందం ఉంటాయి. ఒక్కో ముక్క 1.05 మీటర్లు కోయండి, చివర్లు ఒలిచేటప్పుడు ఆ 5 సెం.మీ. పోతుంది. ప్లగ్గులు నాలుగు, రీన్ ఎన్‌వైఎస్373 రకం: రెండు ఎర్ర రింగువి, రెండు నల్ల రింగువి. 6 మి.మీ. కేబుల్ అందులో ఇమిడిపోతుంది. సోల్డర్ 0.8 మి.మీ. మందంలో, లోపల రోజిన్ ఉన్నది, 63/37 పాళ్లది (తగరం 63, సీసం 37) అడగండి. అది 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి ఒక్కసారిగా గట్టిపడుతుంది. నడిమధ్య మెత్తటి దశ లేదు కాబట్టి, చల్లారేలోపు వైరు కదిలి జాయింట్ చెడే అవకాశం తక్కువ. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ తిరిగితే సోల్డర్, హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని బిగిసే గొట్టం), మామూలు ప్లగ్గులు దొరుకుతాయి. పేరున్న కేబుల్ మాత్రం ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే కొనాల్సి వస్తుంది. రేకులకు వాడే యాసిడ్ ఫ్లక్స్ డబ్బా ఇంట్లో ఉంటే దీని దగ్గరికి రానివ్వొద్దు. కొన్ని నెలల్లో జాయింట్ పచ్చగా తుప్పెక్కుతుంది.

ఐరన్ పట్టుకునే ముందు ప్లగ్గు వెనక డొప్పను, దాని ప్లాస్టిక్ గొట్టం ఉంటే దాన్ని కూడా కేబుల్‌కు ఎక్కించండి. రెండు చివర్లా సోల్డర్ అయ్యాక డొప్ప బల్ల మీదే ఉండిపోయిందని చూసుకోవడం ఈ పనిలో అందరికీ జరిగేదే. అప్పుడు మళ్లీ ఊడదీయడం తప్ప దారి లేదు.

పై తొడుగు 16 మి.మీ. ఒలవండి. బ్లేడు తొడుగు మందంలో సగానికే దిగాలి. మిగతాది కేబుల్‌ను వంచితే అదే పగులుతుంది. పూర్తిగా కోస్తే కింద షీల్డ్ పోగులు తెగుతాయి. మొగామి 2549లో షీల్డ్ చుట్టలా ఉంటుంది, వేలితో విప్పితే వచ్చేస్తుంది. కెనారేలో అది జడలా అల్లి ఉంటుంది, మొద్దు సూదితో పోగులు విడదీసి ఒక పక్కకు మెలిపెట్టాలి. కోర్‌ల ఇన్సులేషన్ 4 మి.మీ. చాలు.

కెనారేలో కోర్‌లు నాలుగు: రెండు నీలం, రెండు తెలుపు. ఎదురెదురుగా ఉన్నవి ఒకే రంగు. నీలం రెండూ కలిపి సిగ్నల్‌కు, తెలుపు రెండూ కలిపి రిటర్న్‌కు (సిగ్నల్ తిరిగి వెళ్లే దారికి) పెట్టాలి. ఒక నీలం, ఒక తెలుపు కలిపితే పాట వినిపిస్తుంది కానీ, బయటి అయస్కాంత క్షేత్రాన్ని రద్దు చేసే ఏర్పాటు అంతా దండగ.

ముందు వైర్లకు, ప్లగ్గు మధ్య గుంటకు, ఎర్త్ ట్యాబ్‌కు (ప్లగ్గు బయటి భాగం నుంచి వెనక్కి వచ్చే లోహపు పట్టీకి) విడివిడిగా సోల్డర్ పట్టించండి. తర్వాత రెంటినీ ఆనించి వేడి చేస్తే రెండు మూడు సెకన్లలో కలిసిపోతాయి. వేడి అదుపు ఉన్న ఐరన్ అయితే 340 డిగ్రీలు. మామూలు 25 వాట్ల ఐరన్ కూడా సరిపోతుంది కానీ మొన సూదిలా కాక ఉలిలా చదునుగా ఉండాలి. ఎర్త్ ట్యాబ్ పెద్ద ఇత్తడి ముక్క కాబట్టి వేడిని లాగేసుకుంటుంది, సూది మొనతో ఎంతసేపు పెట్టినా సోల్డర్ ఉండలు కడుతుంది తప్ప పారదు. మధ్య గుంటకు సిగ్నల్ కోర్, ఎర్త్ ట్యాబ్‌కు రిటర్న్ కోర్, షీల్డ్ రెండూ కలిపి. జాయింట్ మెరుస్తూ అంచులు పల్చగా లోహానికి అంటుకుని ఉండాలి. బూడిద రంగులో గరుగ్గా కనిపిస్తే డ్రై సోల్డర్, మళ్లీ వేడి చేసి కొత్త సోల్డర్ కొంచెం ఇవ్వండి.

ఎర్త్ ట్యాబ్ చివరి రెక్కలు పై తొడుగును పట్టుకోవాలి, లోపలి వైర్లను కాదు. ఇంట్లో చేసిన కేబుళ్లు చెడేది ఎక్కువగా ఇక్కడే. ప్లగ్గు లాగిన ప్రతిసారీ బరువంతా జాయింట్ మీద పడి, ఆర్నెల్లకు ఒక ఛానల్ వస్తూ పోతూ ఉంటుంది. రెక్కలు నొక్కేముందు తొడుగు మీద ఒక పొర హీట్ ష్రింక్ వేస్తే పట్టు బాగుంటుంది.

చివరగా మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి చూడండి. మధ్య పిన్నుకు అవతలి మధ్య పిన్ను, డొప్పకు అవతలి డొప్ప బీప్ రావాలి. పిన్నుకు, డొప్పకు మధ్య రాకూడదు. చూస్తూనే ప్లగ్గు దగ్గర కేబుల్‌ను నాలుగు వైపులా వంచండి. తెగేది ఉంటే అప్పుడే బయటపడుతుంది. కేబుల్ పెట్టేటప్పుడు, తీసేటప్పుడు యాంప్లిఫయర్ ఆపాలి. ఆర్‌సీఏలో ఎర్త్ కంటే ముందు మధ్య పిన్ను తగులుతుంది, అందుకే ఆ ఢబ్బుమనే మోత.

ప్రశ్న: కేబుల్ టీవీ వాళ్లు వదిలేసిన వైరు ఇరవై మీటర్ల దాకా ఉంది. దాంతో చేసుకోవచ్చా? (సిద్దిపేట)

అది ఆర్‌జీ-6 అయి ఉంటుంది. మధ్య తీగకు అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే అది పైన రాగి పూత ఉన్న ఉక్కు. ఆడియోకు అది పెద్ద లోపం కాదు. అసలు చిక్కు షీల్డ్‌తోనే: అది అల్యూమినియం. మామూలు సోల్డర్ దానికి అంటదు, అంటినట్టు కనిపించినా గోటితో గీకితే ఊడొస్తుంది. పైగా ఆ వైరు బిరుసు, యాంప్లిఫయర్ వెనక సాకెట్‌ను పక్కకు లాగుతూ ఉంటుంది.

వృథా ఎందుకు అనుకుంటే సోల్డర్ లేకుండా ఎఫ్-కనెక్టర్ (కేబుల్ టీవీ వైరు చివర ఉండే మరల ప్లగ్గు) బిగించి, దాని మీద ఎఫ్ నుంచి ఆర్‌సీఏకు మార్చే అడాప్టర్ పెట్టండి. టీవీ నుంచి డాక్‌కు డిజిటల్ కోయాక్సియల్ లైనుకు ఇది చక్కగా పనికొస్తుంది. ఆ లైనుకు 75 ఓమ్‌ల వైరే కావాలి, ఆర్‌జీ-6 సరిగ్గా అదే.

ప్రశ్న: వెండి తీగతో చేస్తే శబ్దం విచ్చుకుంటుందంటారు. కేబుల్ మీద బాణం గుర్తు ఎందుకు? (విశాఖపట్నం)

వెండి వాహకత రాగి కంటే 6 శాతం ఎక్కువ, అంతే. 24 గేజ్ రాగి తీగ మీటరుకు 0.084 ఓమ్. అవతల యాంప్లిఫయర్ ఇన్‌పుట్ 10,000 నుంచి 47,000 ఓమ్‌లు. అంత పెద్ద అంకె ముందు ఈ 0.084లో ఆరు శాతం తగ్గితే ఒరిగేదేమీ లేదు. ఆ డబ్బు మంచి ప్లగ్గులకు పెట్టండి. ఇక బాణం: షీల్డ్‌ను ఒకే చివర కలిపిన కేబుళ్లలో ఆ చివర ఏదో తెలియడానికి వేస్తారు. రాగికి దిక్కు లేదు.

ప్రశ్న: కేబుల్ నేనే చేశాను. ల్యాప్‌టాప్ నుంచి యాంప్లిఫయర్‌కు పెడితే గుయ్యిమని మోత. ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పితే జిర్రుమనే చప్పుడు కూడా తోడవుతుంది. షీల్డ్ ఒక చివర కోసేయమని మిత్రుడు చెప్పాడు. కోయమంటారా? (కరీంనగర్)

కోయొద్దు. ముందు మోత ఎక్కడిదో తేల్చుకోండి.

ప్లగ్గు డొప్పను వేలితో ముట్టుకుంటే మోత మారుతోందా? అయితే ఆ చివర ఎర్త్ జాయింట్ ఊడి ఉంటుంది, బీప్ పరీక్ష మళ్లీ చేయండి. మారకపోతే ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. మోత ఆగిపోతే అది గ్రౌండ్ లూప్: ఛార్జర్ ఎర్త్ ఒక దారి, యాంప్లిఫయర్ ఎర్త్ ఒక దారి, మధ్యలో మీ కేబుల్. ఆ చుట్టులో తిరిగే కరెంటు కేబుల్ రిటర్న్ గుండా పోతుంది, రిటర్న్‌కు ఉన్న కాస్త నిరోధం మీద పుట్టే వోల్టేజీ పాటలో కలిసిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. ఆ కరెంటు 0.1 మిల్లీఆంప్ అనుకోండి. రిటర్న్ దారి నిరోధం 1 ఓమ్ అయితే 0.1 మిల్లీవోల్ట్ పుడుతుంది. 0.3 వోల్ట్ సిగ్నల్ కంటే అది 70 డెసిబెల్స్ కిందే ఉంటుంది కానీ, రాత్రిపూట నిశ్శబ్దంలో వినబడుతుంది. అదే నిరోధం 0.1 ఓమ్ అయితే మోత 90 డెసిబెల్స్ కిందికి పోతుంది. ఇప్పుడు మీ మిత్రుడి సలహా చూడండి. రెండు కోర్‌ల కేబుల్‌లో షీల్డ్ ఒక చివర కోసినా రిటర్న్ కోర్ రెండు పరికరాలనూ కలుపుతూనే ఉంటుంది, కాబట్టి లూప్ తెగదు. రిటర్న్‌కు సాయంగా ఉన్న షీల్డ్ రాగి మాత్రం పోతుంది, అంటే నిరోధం పెరుగుతుంది. ఆర్‌సీఏ కేబుల్‌లో షీల్డ్ రెండు చివర్లా కలపమని మేము చెప్పేది అందుకే. దట్టమైన రాగి అల్లిక ఉన్న కేబుల్ వాడమనేదీ అందుకే. పలుచటి రేకు షీల్డ్ ఈ విషయంలో అల్లికకు సాటి రాదు.

రెండు పరికరాలనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి, చాలాసార్లు దాంతోనే సగం తగ్గుతుంది. అయినా ఉంటే మధ్యలో 1:1 ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, లేదా యాంప్లిఫయర్‌కు ఆప్టికల్ ఇన్‌పుట్ ఉంటే అది వాడాలి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసి మోత ఆపడం ఎవరు చెప్పినా వినొద్దు. మోత పోతుంది, లోపల ఇన్సులేషన్ చెడిన రోజున యాంప్లిఫయర్ బాడీ మీదికి కరెంటు వస్తుంది.

రెగ్యులేటర్ జిర్రు వేరే సంగతి. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌లో ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ప్రతి అర్ధచక్రంలో కరెంటును టక్కున కోస్తుంది, ఆ కోత లైను పొడుగునా పాకుతుంది. దశలవారీగా తిరిగే కెపాసిటర్ రెగ్యులేటర్ పెట్టిస్తే ఆ చప్పుడు పుట్టదు.

ప్రశ్న: టర్న్‌టేబుల్‌కు కెనారే కేబుల్‌తో మీటరున్నర జత చేశాను. పాత కేబుల్‌తో పోలిస్తే తాళాలు, గజ్జెల శబ్దం మొదట గీసుకున్నట్టు ఉండి, ఆ పైన మూసుకుపోయినట్టుంది. కేబుల్ లోపమా? (బెంగళూరు)

కేబుల్ మంచిదే, టర్న్‌టేబుల్‌కు తగింది కాదు. ఎల్-4ఈ6ఎస్‌లో కోర్‌ల మధ్య కెపాసిటెన్స్ (పక్కపక్కనున్న తీగలు విద్యుదావేశాన్ని నిలవ చేసుకునే గుణం) మీటరుకు 150 పికోఫారడ్లు. రిటర్న్, షీల్డ్ కలిపి వాడితే ఇంకా పెరుగుతుంది. మీటరున్నరకు 225 దాటింది. యాంప్లిఫయర్‌లో టర్న్‌టేబుల్‌కు కేటాయించిన ఫోనో ఇన్‌పుట్‌లో ఉండేది, టోన్‌ఆర్మ్ (సూదిని మోసే చెయ్యి) వైరుది దానికి అదనం. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిజ్‌కు (సూది కదలికను అయస్కాంతం, కాయిల్‌తో సిగ్నల్‌గా మార్చే భాగానికి) మొత్తం కలిపి ఎంత ఉండాలో తయారీదారే చెబుతాడు: ఆడియో-టెక్నికా వీఎం95 వరసకు 100 నుంచి 200, ఆర్టోఫాన్ 2ఎం రెడ్‌కు 150 నుంచి 300. హద్దు దాటితే కార్ట్రిజ్ కాయిల్‌తో కలిసి పై స్థాయిలో ఒక మిట్ట లేచి, ఆ తర్వాత శబ్దం తొందరగా పడిపోతుంది. మీరు రాసిన లక్షణం అదే.

ఫోమ్ ఇన్సులేషన్, రాగి అల్లిక ఉన్న ఆర్‌జీ-59 తరగతి కోయాక్స్ తీసుకోండి, మీటరుకు 55 పికోఫారడ్ల దగ్గర ఉంటుంది. పొడవు మీటరుకు తగ్గించండి. ఫోమ్ తొందరగా కరుగుతుంది. ఐరన్ ఎక్కువసేపు పెడితే మధ్య తీగ పక్కకు జరిగి అల్లికకు తగులుతుంది, కాబట్టి ఇన్సులేషన్ మొదట్లో క్రొకడైల్ క్లిప్ పెట్టి వేడిని దానికి పోనివ్వండి. మీటర్‌లో కెపాసిటెన్స్ రేంజి ఉంటే రెండు చివర్లూ వదిలేసి కొలవండి. ఎర్త్ తీగ విడిగా వేయాలి, 0.5 చదరపు మి.మీ. ఫ్లెక్సిబుల్ వైరు చాలు. ప్లగ్గు డొప్పలకు దాన్ని కలపొద్దు.

డాక్ లాంటి వాటికి ఈ బెంగ లేదు. 600 ఓమ్‌ల అవుట్‌పుట్‌కు 300 పికోఫారడ్లు తగిలించినా కోత మొదలయ్యేది 880 కిలోహెర్ట్జ్ దగ్గర. జాగ్రత్త పడాల్సింది కరెంటు లేని పాసివ్ వాల్యూమ్ పెట్టె వాడేవాళ్లు. 50 కిలో ఓమ్‌ల పాట్ (వాల్యూమ్ తిప్పే నిరోధకం) మధ్యలో ఉన్నప్పుడు అవుట్‌పుట్ నిరోధం 12.5 కిలో ఓమ్‌ల దాకా ఉంటుంది. దాని వెనక 1000 పికోఫారడ్ల పొడవాటి కేబుల్ పెడితే 12.7 కిలోహెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్స్ పోతాయి. అది చెవికి తెలిసిపోతుంది.

ప్రశ్న: మా భజన మందిరంలో మిక్సర్‌కు ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌పుట్, రికార్డర్‌కు ఆర్‌సీఏ ఇన్‌పుట్ ఉన్నాయి. మధ్యలో కేబుల్ ఎలా కలపాలి? (నెల్లూరు)

మిక్సర్ వైపు ఫిమేల్ ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల గుండ్రటి మైక్ ప్లగ్గులో రంధ్రాలున్న రకం) కావాలి. పిన్ను 2 నుంచి ఆర్‌సీఏ మధ్య పిన్నుకు, పిన్ను 1 నుంచి డొప్పకు. పిన్ను 3 దగ్గరే అందరూ తడబడతారు. అవుట్‌పుట్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే 3ను 1కి కలపాలి, కలపకపోతే శబ్దం పీలగా వస్తుంది లేదా రాదు. 2, 3 పిన్నులను రెండు ఐసీలు విడివిడిగా నడిపే రకమైతే 3ను వదిలేయాలి. కలిపితే ఆ ఐసీ షార్ట్ మీద పనిచేస్తూ వేడెక్కి శబ్దం చెడగొడుతుంది. మిక్సర్ మాన్యువల్‌లో ఇది రాసి ఉంటుంది. మాన్యువల్ దొరక్కపోతే ముందు వదిలేసి చూడండి, దానివల్ల ఏదీ కాలిపోదు.

ప్రొఫెషనల్ మిక్సర్ స్థాయి 1.23 వోల్ట్‌లు, ఇంటి రికార్డర్ ఎదురుచూసేది 0.316. ఇంచుమించు 12 డెసిబెల్స్ తేడా. మిక్సర్ అవుట్‌పుట్ ఫేడర్ (జరిపే వాల్యూమ్ మీట) అంత దించి, డోలు గట్టిగా వాయించే పాటతో రికార్డర్ మీటరు చూసుకుని సరిచేయండి.